చింతపులుసులో కడిగిన విల్లు

మీలో ఎవరైనా పాలిష్ పనిలోకి వచ్చేవాళ్ళుంటే, చెయ్యి వేసే ముందు కర్రకు ముక్కు ఆనించి వాసన చూడండి. నవ్వకండి. పందిరి మంచమైనా, కచేరీ కుర్చీ అయినా, పెళ్ళికూతురి పెట్టె అయినా నేను వాసన చూడకుండా ముట్టుకున్నది లేదు. గిరాకులు వింతగా చూసేవారు. నా భార్య అయితే నేను అన్నం కూడా అలాగే వాసన చూసి తింటానని నలుగురిలో చెప్పి నా పరువు తీసేది.

ఈ అలవాటు నాకు ఒక విల్లు వల్ల అంటుకుంది. నాటకాలవాళ్ళ వెదురు విల్లు కాదు, బాణం వేస్తే మట్టిగోడలో దిగబడే నిజమైన విల్లు. నా పని జీవితం మొత్తంలో విల్లుకు పాలిష్ చేసింది ఆ ఒక్కసారే. మా దుకాణంలో ముగ్గురం కలిసి దాన్ని మొదట జిగురు కర్రను చేశాం, తరువాత నెత్తురు రంగుకు తెచ్చాం, చివరికి చింతపులుసులో కడిగాం. ఇంత చేసినా అది బతికింది. ఎలా బతికిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అవి నైజాం రోజులు. దూరంగా ఎక్కడో యుద్ధం నడుస్తుంటే సిద్దిపేట బజారులో కిరసనాయిలు దొరకడం కష్టమైపోయిన కాలం. మా దుకాణం బజారు వెనక సందులో ఉండేది. దుకాణమంటే మరేం లేదు, మా మేస్త్రీ ఇంటి ముందరి పంచ. ముందు రంపప్పొట్టు, వెనక వంటిల్లు. లోపల పోపు పడితే మాకు తుమ్ములు, మేం వార్నిష్ డబ్బా మూత తీస్తే లోపల మేస్త్రీ భార్యకు తలనొప్పి. ఆమెను నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. మేస్త్రీ వడ్రంగంలో గట్టివాడు. చేతిలో పనిముట్టు ఉంటే ఆయన కోపం పనిముట్టులోకి దిగేది, లేకపోతే మా మీదికి వచ్చేది. పాలిష్ పని చూసేది పట్నం నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముసలాయన. అందరికీ ఆయన చాచా. ఆయన చేతికింద నేను. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కావస్తోంది, పని వచ్చినట్టే అనుకునే వయసు.

బతుకమ్మ పండుగ మొదలైన రోజుల్లో కోర్టు వకీలుగారి ఇంటి నుంచి మాకు పిలుపు వచ్చింది. వకీలుగారు ఊళ్ళో లేరు. మేస్త్రీ, నేను వెళ్ళి నడవలో నిలబడ్డాం. వకీలుగారి భార్య తలుపు వెనక నుంచి మాట్లాడింది. మాట అయ్యాక, తలుపు సందులోంచి పొడుగాటి కర్ర ఒకటి బయటికి వచ్చింది. దాని వెంట గాజుల చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి.

"ఎడమ చేత్తోని ఇయ్యొద్దమ్మా," అన్నాడు మేస్త్రీ, తన చెయ్యి చాపకుండానే.

లోపల నవ్వు వినిపించింది. "నాకు అన్ని పనులు గా చేతితోనే మేస్త్రీ. పుర్రచేతి వాటం. మా నాయిన మారుద్దమని చూసి చూసి యాష్టకొచ్చిండు. ఇగ నువ్వు మారుస్తవా?"

అయినా మేస్త్రీ చెయ్యి చాపలేదు. పట్టింపు మనిషి. ఆమె విల్లును మెల్లగా గడప మీద పెట్టింది. అప్పుడు వంగి తీసుకున్నాడు.

నిలబెడితే మనిషెత్తు ఉంది. పాతబెల్లం రంగు. రెండు కొసలకూ కొమ్ముతో చేసిన తొడుగులు, వాటిలో పైదానికి మాత్రం సన్నటి రంధ్రం. మధ్యలో తోలు చుట్టిన పిడి. పిడికి కాస్త పైన, ఎడమ పక్కన, గోరంత ముత్యపు చిప్ప ముక్కను కర్రలోకి పొదిగి ఉంచారు. అదెందుకో నాకు అర్థం కాలేదు, అందానికేమో అనుకున్నాను. పైపూత మాత్రం చూడలేనట్టుగా ఉంది. తెల్లబారి, పొలుసులుగా లేచిపోయింది.

"పోయిన వానకాలం ఇల్లు కురిసింది. నేను చూసుకోలే," అంది ఆమె. ఆ మాటలో నవ్వు లేదు. "మా నాయిన జంగ్లాత్ ఆఫీసరు, అడవుల కొలువు. ఆయిన మీది దొర సీమకు పోతపోత ఇచ్చిపోయిండంట. నాయిన పోయినంక ఇది నా తాన ఉన్నది. మొన్న మా అన్న వచ్చి దీన్ని చూసిండు. నాయిన వస్తువును ఖరాబు చేస్తున్నవ్, దసరా తెల్లారి వచ్చి పట్నం తీస్కపోత అన్నడు."

"మంచిగ చేస్తే ఇడిసిపెడ్తడా అమ్మా?" అని అడిగాడు మేస్త్రీ.

"ఖరాబయిందన్న మాట తప్ప ఆయిన తాన ఇంకో మాట లేదు. ఆ మాట లేకుండ చెయ్యి మేస్త్రీ. నాయిన యాదికి నాకు ఉన్నది ఇదొక్కటే."

దారి పొడుగునా మేస్త్రీ ఆ కర్రను తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు. మేం ముగ్గురం పంచలో కూర్చుని ఆ పూట వేరే పని ముట్టలేదు. అది ఏ కర్ర? టేకు కాదు, అంత బరువు టేకుకు లేదు. ఏగిస కాదు, నల్లమద్ది కాదు, చండ్ర అంతకన్నా కాదు. చాచా చిప్ప పొదిగిన చోట, దాని అంచున గోటితో నొక్కి వేలు వాసన చూశాడు. "నూనె ఉన్నది దీంట్ల," అన్నాడు. మేస్త్రీ విల్లు కొసను నీళ్ళ తొట్టిలోకి దించి వదిలి చూశాడు. కొస తేలకుండా కిందికే పోయింది. ఆయన నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. మేస్త్రీకి తెలియని కర్ర ఉంటుందని నేను చూసింది అదే మొదటిసారి. ఆయన ముఖంలో చిన్నతనం కనిపించిందీ అప్పుడే.

పాత పూత తీసే పని నాది. గాజు పెంకుతో కర్ర తెగకుండా, పొలుసులు మాత్రం లేచేలా గీకాలి. గీకుతుంటే సన్నటి పొడి రాలింది. అది పసుపుపచ్చగా ఉంది. కర్ర బెల్లం రంగు, పొడి పసుపు. ఇదేం వింతరా అనుకుంటూ నా మానాన నేను గీకాను. పని అయ్యేసరికి నా రెండు అరచేతులూ పచ్చగా అయ్యాయి. బావి దగ్గరికి వెళ్ళి సబ్బు రుద్దుకున్నాను. చేతులు ఎర్రగా మారాయి. నురగ కూడా ఎర్రగానే కారింది.

చిన్నమ్మ అక్కడే బతుకమ్మ కోసం తంగేడు పూలు కడుగుతోంది. నా చేతులు చూసి నవ్వింది. "పసుపు గౌరమ్మను నువ్వు చేసినవా ఏందిరా? చేతుల నిండ పసుపే."

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మన ఇళ్ళల్లో తెలియని వాళ్ళుండరు. పండుగ రోజులు, ఇల్లంతా పసుపే, ఎక్కడో చెయ్యి పెట్టి ఉంటానని నేనూ అనుకున్నాను. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాను. జవాబు నా అరచేతుల్లోనే ఉంది, దాన్ని నేనే బావి గట్టు మీద కడిగేసుకున్నాను.

ఏ పూత వెయ్యాలన్న దాని మీద మేస్త్రీకి, చాచాకు వాదన నడిచింది. లక్క రేకులను స్పిరిట్‌లో నానేసి, గుడ్డ ముద్దతో రుద్దే పాలిష్ చాచాది. డబ్బాలో వచ్చే నూనె వార్నిష్ మేస్త్రీకి ఇష్టం.

"నూనె కర్ర మేస్త్రీ. దీని మీద వార్నిష్ ఎండది," అన్నాడు చాచా.

"టేకుల నూనె లేదా? దాని మీద ఎండుతలేదా? నీ లక్క పాలిష్ మీద నీళ్ళ చుక్క పడితే తెల్లబడ్తది. ఆమె ఇల్లు కురుస్తదని చెప్పిందా లేదా?"

మేస్త్రీ చెప్పింది తప్పని అనలేం. చాచా తల ఊపి ఊరుకున్నాడు. యుద్ధం వల్ల కొత్త డబ్బా దొరకని కాలంలో, మేస్త్రీ అటక మీద దాచుకున్న సీమ వార్నిష్ దించాడు. ఊపిరి బిగబట్టి వేశాను. తడిమీద ఎంత బాగుందంటే, మేస్త్రీ వీధిలో పోయేవాళ్ళను పిలిచి చూపించాడు.

మరునాడు ముట్టుకుంటే వేలు అంటుకుంది. ఆ మరునాడూ అంతే. ఎండలో పెడితే ఎండుతుందనుకున్నాం. ఎండలో పెట్టాక కర్రలోంచి సన్నటి చెమట బిందువులు పైకి వచ్చి పూత ఇంకా మెత్తబడింది. నేను పూటపూటకూ వెళ్ళి వేలు ఆనించి చూసేవాణ్ణి. ఒకరోజు చిన్నమ్మ బతుకమ్మ పేర్చడానికి పంచలో గునుగు పూలు దూస్తుంటే గాలికి లేచి వచ్చి విల్లు నిండా అంటుకున్నాయి. పూలు పీకితే వార్నిష్ వచ్చింది, వార్నిష్ తీస్తే పూలు చేతికి అంటుకున్నాయి. చాచా నోట్లో తువ్వాలు కొంగు కుక్కుకుని నవ్వాడు. మేస్త్రీ వార్నిష్ డబ్బా మూత బిగించి మళ్ళీ అటక మీదికి ఎక్కించాడు.

చివరికి దసరా ముందురోజు, సద్దుల బతుకమ్మ నాడు మేస్త్రీ దిగివచ్చాడు. "నీ లక్కనే వెయ్యి చాచా. ఎట్లనో ఎల్లుండికి కావాలె," అని చెప్పి, బావమరిది ఇంట్లో పనుందని చేర్యాలకు వెళ్ళిపోయాడు.

నేను, చాచా కలిసి ఆ మెత్తటి పూతను గోనెపట్టతో తుడిచేశాం. ఇక కర్రలో నూనె ఉంది. నూనె జిడ్డు పోవాలంటే ఏం చేస్తారు? ఊళ్ళో ఎవరైనా చేసేదే మేమూ చేశాం. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి, గుడ్డ ముంచి రుద్దాను.

గుడ్డ తగిలిన చోటల్లా కర్ర ఎర్రబడింది. ముందు చారలుగా, తరువాత మొత్తంగా. ఎండిన నెత్తురు రంగు కాదు, అప్పుడే కారిన నెత్తురు రంగు. ఆపుదామని మంచినీళ్ళు పోశాను. నీళ్ళు ఎర్రగా కారాయి గానీ కర్ర ఎరుపు పోలేదు. పిడికి పైన, చిప్ప ముక్కకు అవతలి పక్క, ఒక చోట ఎరుపు అన్నిటికన్నా ముదురుగా దిగింది. అక్కడ కర్ర కొద్దిగా అరిగి, చిన్న గాడి పడి ఉంది. పాత పూత ఎప్పుడో పోయి, కర్ర బయటపడి ఉన్న చోటు అది. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని పాటలు పాడుకుంటూ పోతున్నారు. తలుపు వెనక నుంచి ఆమె చెప్పిన 'నాయిన యాదికి ఇదొక్కటే' అన్న మాటే నా చెవుల్లో వినిపిస్తోంది.

చాచా అరుగు మీద కూలబడ్డాడు. "ఇంత ఉమర్ వచ్చింది, గిట్లాంటి కట్టెను చూడలే బేటా," అన్నాడు. భయపడ్డాడు గానీ, ఆ మాటలో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. కాసేపటికి లేచి విల్లును గోనెలో చుట్టి మూలకు పెట్టాడు. "మేస్త్రీ వస్తే ఇప్పుడే చెప్పకు. రేపు పొద్దున పూజ కానియ్యి. పూజ అయినంక నేను చెప్త."

పండుగ పూట ఆయన మనసు చెడగొట్టడం ఎందుకని చాచా అలా అన్నాడనుకున్నాను. అసలు సంగతి నాకు మరునాడు తెలిసింది.

దసరా నాడు వడ్రంగుల ఇళ్ళలో పనిముట్లకు పూజ. తెల్లవారకముందే రంపాలు, ఉలులు, బాడిశ, కర్రను నునుపు చేసే రంద, అన్నీ కడిగి పీట మీద పేర్చాం. నేను గీకిన గాజు పెంకును కూడా చిన్నమ్మ వదల్లేదు. చాచా ఏటా లాగే తన లక్క సీసాను, పాలిష్ గుడ్డను తీసుకొచ్చి ఆ వరుసలో తనే పెట్టాడు. ఆయన దేవుడు వేరు, కానీ ఆ సీసా పీట మీదికి ఎక్కకపోతే ఏడాదంతా పాలిష్ సరిగా రాదని ఆయన నమ్మకం. రాత్రే చేర్యాల నుంచి తిరిగొచ్చిన మేస్త్రీ అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఇక మరునాడు పొద్దున హారతిచ్చి కదిలించేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. మేకు కొట్టడానికి సుత్తె కూడా తీయకూడదు.

కొబ్బరి ముక్కలు పంచడం అయ్యాక చాచా గోనె విప్పాడు.

మేస్త్రీ అరుపుకు పక్కింటి కోళ్ళు లేచాయి. "సంపినవ్ చాచా! నన్ను సంపినవ్! ఆమెకు నేను ఏం మొఖం చూపియ్యాలె? అగ్గిల పడ్డ కర్ర తీరు చేసిన్రు గదరా! రందా తే! గీ ఎరుపంత గీకి పడేస్త!"

తనే వెళ్ళాడు. పీట ముందు వంగి రంద మీదికి చెయ్యి చాపాడు. రంద నిండా పసుపు, నుదుటన కుంకుమ బొట్టు, పైన బంతిపువ్వు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ముట్టు, ముట్టి చూడు!" అని వంటింట్లోంచి చిన్నమ్మ గొంతు వచ్చింది. ఆమెకు గోడలోంచి కనిపించేదో ఏమో. "ఏడాది పండుగ. బొట్టు పెట్టిన చేతితోనే తీస్తవా?"

మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు చాచా మెల్లగా అన్నాడు. "గీకితే ఎరుపు పోతది మేస్త్రీ. దాని తోని విల్లు గూడ పోతది. ఇది బల్ల గాదు గదా. పొర లేస్తే వంగే చోట బలం పోతది, ఓ దినం ఆమె చేతులనే ఇరుగుతది. నిన్న చెప్తే నువ్వు గీకుతవనే చెప్పలే."

మేస్త్రీ చాచాను చూశాడు, పీటను చూశాడు. ఆయనకు ఆ సంగతి తెలియక కాదు, కోపంలో గుర్తు రాలేదు. అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "రేపు ఆమె అన్న వస్తడు. చేతిల పనిముట్టు లేదు. ఏం చేద్దం మరి?"

ఏం చెయ్యాలో మాకు తెలియదు. ముగ్గురం విల్లు చుట్టూ కూర్చుని దాన్ని చూస్తూ ఉన్నాం. ఇంతలో పులిహోర కోసం చింతపండు పిసుకుతున్న చిన్నమ్మ, గొడవ ఏమిటో చూద్దామని అవే చేతులతో బయటికి వచ్చింది. విల్లు ఆమె దారికి అడ్డంగా ఉంది. "పండుగ పూట గడపల గీ కర్ర ఏంది?" అంటూ దాన్ని పట్టుకుని పక్కకు జరిపింది.

ఆమె వేళ్ళు తగిలిన చోట ఎరుపు పోయింది. పాతబెల్లం రంగు మీద నాలుగు వేళ్ళ గుర్తులు కనిపించాయి.

నేను వంగి ఆ గుర్తులను వాసన చూశాను. చింతపండు వాసన. నా అరచేతులు గుర్తొచ్చాయి, బావి దగ్గర సబ్బు నురగ గుర్తొచ్చింది. "చిన్నమ్మా, ఆనాడు నా చేతులకు ఉన్నది పసుపు గాదు. ఈ కర్ర పొడి."

ఆమె వంగి చూసింది. "మరి గిది పసుపు గుణమే గదరా. సున్నం తగిలితే ఎర్రగయితది, పులుపు తగిలితే మళ్ళ పచ్చగయితది. పిల్లలకు దిష్టి తీసే నీళ్ళల్ల నిమ్మకాయ పిండినా గంతే."

"కట్టెల పసుపు ఎట్లుంటది?" అన్నాడు మేస్త్రీ.

"నాకేమెరుక? పుట్టించినోన్ని అడుగు," అని ఆమె లోపలికి వెళ్ళి చింతపండు గిన్నె మొత్తం తెచ్చి మా ముందు పెట్టింది.

ఆ దసరా పూట మేం చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక వడ్రంగి మేస్త్రీ, ఒక పాలిష్ ఉస్తాదు, నేను, ముగ్గురం పనిముట్టు ముట్టకుండా, కొబ్బరి పీచుతో, ఒట్టి చేతులతో విల్లుకు చింతపులుసు రుద్దాం. వంటింటి సామాన్లతో చేసే పని కాబట్టి చిన్నమ్మ ఆక్షేపించలేదు. ఎరుపు తగ్గుతున్నకొద్దీ మేస్త్రీ గొంతు కూడా తగ్గింది. చివరికి ఒక చోట సోడా చుక్క వేసి ఎర్రగా చేసి, మళ్ళీ పులుసుతో పోగొట్టి చూసే దాకా వచ్చాడు. ఆడుకోవడమే అది. చాచా ఆయన చెయ్యి మీద ఒక్కటి వేసి ఆపాడు. ఆ ఏడు మేం తిన్న పులిహోరలో పులుపు పేరుకు కూడా లేదు.

అన్ని చోట్లా పాత రంగు తిరిగొచ్చింది, ఒక్కచోట తప్ప. చిప్పకు అవతలి పక్కనున్న ఆ అరుగుడు గాడిలో ఎరుపు లోపలికి దిగిపోయింది. ఎంత రుద్దినా సన్నటి గీతగా మిగిలింది. "అంత మంచి పనిల ఇదొక్కటి మచ్చ," అని మేస్త్రీ బాధపడ్డాడు. చిప్ప ఉన్న పక్క గీతలు కొద్దిగానే ఉండి, చిప్ప లేని పక్క అంతగా ఎందుకు అరిగిందో నాకు అంతు చిక్కలేదు. అడిగితే చాచా కూడా భుజాలు ఎగరేశాడు.

మరునాడు పొద్దున్నే మేస్త్రీ హారతిచ్చి పీటను కదిలించాడు. చాచా తన సీసా చేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ముందు ఒట్టి స్పిరిట్‌తో విల్లును తుడిచాడు, గుడ్డ పచ్చబడింది. లోపలి నూనె మళ్ళీ పైకి రాకముందే, ఆరీ ఆరగానే, వెంటనే లక్క పాలిష్ పల్చగా రుద్దాడు. అది చూస్తుండగానే ఆరిపోయింది. దాని మీద ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి. నూనె ఉన్న కర్ర ఏదైనా నా చేతికి వస్తే ఆ తరువాత ఏనాడూ నేను మరో పద్ధతి వెతకలేదు. కర్ర పేరు మాత్రం ఈనాటికీ నాకు తెలియదు.

విల్లు తీసుకుని వెళ్ళేసరికి వకీలుగారి నడవలో ఆమె అన్న కూర్చుని ఉన్నాడు. పట్నం మనిషి, ఇస్త్రీ షేర్వాణీ. మేస్త్రీ విల్లును ఆయన చేతికి ఇచ్చాడు. ఆయన దాన్ని వెలుగులోకి తిప్పి చూస్తున్నకొద్దీ ముఖం విప్పారింది.

"శాబాష్ మేస్త్రీ. నాయిన ఉన్నప్పుడు గూడ గింత మంచిగ లేకుండె." తలుపు వైపు తిరిగాడు. "ఇగ దీన్ని నేను తీస్కపోత చెల్లె. మా హాలుల గోడకు పెట్టిస్త."

తలుపు వెనక గాజులు కదిలాయి. "ఖరాబయితుందనే గదా నువ్వు తీస్కపోతనన్నది. ఇప్పుడు మంచిగనే అయింది గదా అన్నా."

"మంచిగయింది గనకనే. మళ్ళ ఖరాబు కానియ్యాల్నా? అయినా నీకెందుకు ఇది? నువ్వు ముట్టింది లేదు, ఏసింది లేదు. ఏసింది నాయిన. ఇది కొడుకు తాన ఉండాల్సిన వస్తువు."

ఆయన దగ్గర ఉన్న ఆ ఒక్క మాటనూ లేకుండా చేద్దామని అంత చేశాం, మా పాలిష్ చూశాకే ఆయనకు ఇంకో మాట పుట్టింది. మేస్త్రీ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆయన ఇంకోసారి విల్లును తిప్పాడు. బొటనవేలు పిడి పైన ఒక చోట ఆగింది. "గిదేంది? ఈ ఎర్ర గీత?"

నేనే చెప్పాను. "సోడా నీళ్ళు తగిలి ఎర్రబడ్డది దొరా. పులుపు పెట్టి అంతట తీసినం. ఆడ మాత్రం పోలేదు. ఆడ కర్ర ముందుగాలనే అరిగి ఉండె, లోపటికి గుంజుకున్నది. ఎరుపు మాది గానీ, అరుగుడు మాత్రం పాతది."

"అరుగుడా?" ఆయన నవ్వాడు. "ఆ పక్క ఎట్ల అరుగుతది? బాణం రాసుకపోయేది ఈ చిప్ప మీదికెల్లి. కర్ర అరగొద్దనే గదా చిప్ప పెడ్తరు. చూడు, చూపిస్త."

లేచి నిలబడ్డాడు. రంధ్రమున్న కొస పైకి వచ్చేలా విల్లును ఎడమ చేత పట్టుకుని, కుడి చేత్తో లేని నారిని చెవి దాకా లాగాడు. లేని బాణం చిప్ప మీది నుంచే పోతుంది. ఎర్ర గీత అవతలి పక్కన, ఏ బాణమూ తగలని చోట ఉంది. ఆయన దాన్ని చూసి ఆగిపోయాడు. తరువాత విల్లును నెమ్మదిగా కుడి చేతిలోకి మార్చుకుని, ఎడమ చేత్తో లాగి చూశాడు. ఇప్పుడు బాణం సరిగ్గా ఆ ఎర్ర గీత మీది నుంచి పోతుంది.

ఆయన చేతులు దించాడు. తలుపు వైపు చూశాడు.

"ఎన్నేండ్లు ఏసినవ్?" అని అడిగాడు.

"నువ్వు పట్నంల సదువుకున్నన్ని దినాలు అన్నా," అంది ఆమె లోపలి నుంచి. "బంగ్లా ఎనక మట్టిగోడకు. రోజూ."

"నాయినకు ఎరుకనా?"

"బాణాలు చెక్కి ఇచ్చిందే నాయిన. ఆడపిల్ల బాణాలు ఏస్తదంటే సంబంధాలు రావని అమ్మ ఎవ్వరికి చెప్పనియ్యలే. నీకు గూడ."

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. బొటనవేలితో ఆ గీతను పైకీ కిందికీ రాస్తూ ఉండిపోయాడు. మేం వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడ్డాం. ఒక ఆడపిల్ల ఎన్ని పొద్దులు, ఎన్ని బాణాలు వేస్తే అంత గట్టి కర్ర అలా అరుగుతుందో అని నేను లెక్క కట్టబోయి మానుకున్నాను.

కొంతసేపటికి ఆయన విల్లును మేస్త్రీకి అందించాడు. "లోపటికియ్యి," అన్నాడు.

మేస్త్రీ తలుపు దగ్గరికి నడిచాడు. తలుపు సందులోంచి గాజుల చెయ్యి బయటికి వచ్చింది. ఎడమ చెయ్యే. నేను మేస్త్రీ ముఖం చూశాను, గడప చూశాను.

మేస్త్రీ వంగలేదు. రెండు చేతులతో పట్టుకుని, విల్లును ఆ చేతిలోనే పెట్టాడు.